అరుదైన ట్రాక్టరుకు ఆయిల్ ఫిల్టరు వెదకుట ఎట్లు?

మన దేశములో తయారైన మొదటి ట్రాక్టరు 1959లో ఫరీదాబాదులోని ఐషర్ కర్మాగారము నుండి వెలువడినది. తరువాతి పది పదునైదు సంవత్సరములలో మదరాసు, బొంబాయి, బరోడా మొదలగు చోట్లను కర్మాగారములు వెలసినవి. రష్యా, చెకోస్లొవేకియా, పోలండు దేశముల నుండి కూడ ట్రాక్టర్లు దిగుమతి అయినవి. వీటిలో కొన్ని పేర్లు నేటికిని నిలిచియున్నవి. కొన్ని కంపెనీలు చేతులు మారినవి. కొన్ని మూతపడినవి. కంపెనీ మూతపడినను ట్రాక్టరు మాత్రము రైతు ఇంటనే యున్నది. దానితో దున్నుచున్నాడు, దమ్ము చేయుచున్నాడు, ధాన్యము తోలుచున్నాడు.

ఎక్కువగా వాడుకలో నున్న ట్రాక్టరుకు విడిభాగములు మండల కేంద్రములోనే దొరకును. అరుదైన ట్రాక్టరు గల రైతుకు ఆ సౌకర్యము లేదు. ఆయిల్ ఫిల్టరు వంటి చిన్న వస్తువు కొరకు కూడ అతడు నాలుగు ఊళ్లు తిరుగవలసి వచ్చును. కాలువకు నీరు వదలిన తరువాత దమ్మునకు దొరకు దినములు కొద్ది. ఆ తొందరలో అంగడివాడు “ఇదియు సరిపోవును” అని ఇచ్చిన డబ్బాను బిగించుకొని రైతు పొలమునకు పోవును. ఫిల్టరు ఖరీదు కొన్ని వందల రూపాయలే. అది సరిపడనిదైనచో చెడునది ఇంజను. ఇంజను పట్టివేసినచో క్రాంకు, బేరింగులు, లైనర్లు, పిస్టనులు అన్నియు మార్చవలసి వచ్చి, ఖర్చు వేలకు వేలు పెరుగును. అంతేగాక, నాటు అదను తప్పును. కావున సరియైన ఫిల్టరును గుర్తించు పద్ధతిని ఈ పాఠములో వివరింపదలచితిమి.

ఫిల్టరు చేయు పని

ఇంజనులో నూనె ఊరక నిలువ ఉండునది కాదు. అడుగున నున్న తొట్టి నుండి పంపు దానిని పైకి తోడి, క్రాంకు బేరింగులకును, వాల్వుల మీటలకును పంపుచుండును. ఈ ప్రయాణములో నూనె మసిని, అరిగిన లోహపు రజనును, దుమ్మును తనతో మోసికొనిపోవును. అధిక భాగము ఇంజనులలో పంపు తోడిన నూనె యంతయు ముందు ఫిల్టరు గుండ పోయి, పిమ్మట బేరింగులకు చేరును.

ఫిల్టరు లోపల మడతలు మడతలుగా పెట్టిన ప్రత్యేకమైన కాగితము ఉండును. మిల్లీమీటరులో వెయ్యవ వంతును మైక్రాను అందురు. మన తల వెంట్రుక మందము సుమారు 70 మైక్రానులు. అందులో సగము కూడ లేని రేణువులను ఈ కాగితము పట్టి ఆపగలదు. కంటికి కానరాని ఆ రేణువులే బేరింగునకును క్రాంకునకును నడుమ చేరి ఆకురాయి వలె అరగదీయును.

కాగితము మురికితో నిండినచో నూనె దాని గుండ పోజాలదు. అప్పుడు బేరింగులు ఎండిపోకుండుటకై బైపాస్ వాల్వు అను చిన్న కవాటము తెరచుకొని, నూనెను వడపోయకనే ముందుకు వదలును. మురికి నూనె అయినను అసలు నూనె లేకుండుట కంటె మేలు గదా! ఈ వాల్వు కొన్ని ఇంజనులలో ఫిల్టరు డబ్బా లోపలనే యుండును. మరి కొన్నింటిలో ఫిల్టరు తగిలించు ఇనుప తలలో ఉండును. ఈ భేదమును రైతు సోదరులు బాగుగా జ్ఞాపకముంచుకొనవలెను.

ముందు ఇంజనును గుర్తించుడు

అరుదైన ట్రాక్టరు గలవారు మొదట గ్రహింపవలసిన విషయ మొకటి కలదు. ఫిల్టరు సంబంధము ఇంజనుతో గాని, బానెట్టు మీద వ్రాసిన పేరుతో గాదు. ట్రాక్టర్ల కంపెనీలు అన్నియు తమ ఇంజనులను తామే తయారు చేసికొనలేదు. మదరాసులోని సింప్సన్ కంపెనీ తయారు చేసిన ఇంజనులు టాఫే వారి మాసీ ఫెర్గూసన్ ట్రాక్టర్లలో అమర్చబడినవి. పంజాబులో పుట్టిన స్వరాజ్ ట్రాక్టర్లకు కిర్లోస్కర్ ఇంజనులతో సంబంధము కలదు. కావున ట్రాక్టరు పేరు అంగడివానికి తెలియకపోయినను, ఇంజను పేరు చెప్పినచో అతడు వెంటనే గుర్తించుట కలదు.

ఇంజను దిమ్మె ప్రక్కన చిన్న రేకు బిళ్ల బిగించియుండును, లేదా దిమ్మె మీదనే అక్షరములు చెక్కబడియుండును. మట్టిని, జిడ్డును డీజిలుతో కడిగి, ఆ నెంబరును ఇంజను తయారుచేసినవారి పేరును వ్రాసికొనవలెను. పాత ట్రాక్టర్లకు ఇంజనులు మార్చి యుండుట కూడ కద్దు. అట్టి సందర్భమున ట్రాక్టరు పుస్తకములో నున్న ఫిల్టరు నెంబరు పనికిరాదు. ఇప్పుడు అమర్చియున్న ఇంజనును బట్టియే వెదకవలెను.

మరొక మాట. కొన్ని ఇంజనులకు మార్చవలసిన కాగితపు ఫిల్టరే ఉండదు. మిన్స్కు నగరములో 1946లో స్థాపింపబడిన కర్మాగారము నుండి వచ్చిన బెలారస్ ట్రాక్టర్ల పాత ఇంజనులలో గిరగిర తిరుగు గిన్నె ఒకటి కలదు. మజ్జిగ చిలుకు యంత్రములో వెన్న వేరుపడునట్లు, ఆ వేగమునకు మురికి నూనె నుండి విడివడి గిన్నె లోపలి గోడకు అంటుకొనును. అట్టి ట్రాక్టరు గలవారు ఫిల్టరు కొరకు అంగళ్లు తిరుగ నక్కరలేదు. గడువు ప్రకారము గిన్నె విప్పి, గోడకు పట్టిన నల్లని మడ్డిని చెక్క పుల్లతో గీకి, డీజిలుతో కడిగి, సన్నని రంధ్రములను శుభ్రపరచి, రబ్బరు వలయమును సరిచూచి తిరిగి బిగించిన చాలును.

ఒక ఉదాహరణము

ఒక రైతు వద్ద పాత ఎచ్.ఎం.టి. ట్రాక్టరు ఉన్నదనుకొందము. హిందుస్థాన్ మెషిన్ టూల్స్ అను ప్రభుత్వ సంస్థ 1953లో స్థాపింపబడినది. 1971లో హర్యానాలోని పింజోరు కర్మాగారములో, చెకోస్లొవేకియాకు చెందిన జెటార్ వారి సాంకేతిక సాయముతో, ట్రాక్టర్ల తయారీ ప్రారంభమైనది. గట్టి ట్రాక్టరుగా దానికి మంచి పేరు వచ్చినది. కాని కాలక్రమమున నష్టములు పెరిగినవి. 2016 అక్టోబరులో కేంద్ర మంత్రిమండలి ఆ ట్రాక్టరు విభాగమును మూసివేయుటకు ఆమోదము తెలిపినది. అనగా ఆ రైతునకు ఇక కంపెనీ డీలరు లేడు.

అతడు ఏమి చేయవలెను? మొదట ఇంజను నెంబరును, ట్రాక్టరు మోడలును వ్రాసికొనవలెను. ఒకే పేరు గల ట్రాక్టర్లలో కూడ 2511, 3511, 5911 మొదలగు మోడళ్లు వేరువేరు. “ఎచ్.ఎం.టి. ఫిల్టరు ఇమ్ము” అని అడిగిన చాలదు. రెండవది, విప్పిన పాత ఫిల్టరును పారవేయరాదు. దాని మీది నెంబరు స్పష్టముగా నున్నచో సగము పని అయినట్లే. ఫిల్టర్లు తయారుచేయు కంపెనీలు తమ జాబితాలలో ట్రాక్టరు కంపెనీ నెంబరు ఎదుట తమ నెంబరును అచ్చువేయుదురు. పెద్ద అంగళ్లలో ఆ జాబితా ఉండును. దానిని తెరచి చూపుమని అడుగుటకు రైతు సంకోచింపరాదు.

మూడవది, ట్రాక్టరు బంధుత్వమును విచారింపవలెను. ఎచ్.ఎం.టి.కి మూలము జెటార్ గనుక, జెటార్ నెంబరుతో కూడ వెదకవచ్చును. ఇట్లే ప్రతి అరుదైన ట్రాక్టరునకును మూలమైన విదేశీ కంపెనీ యొకటి ఉండుట సాధారణము. పేరు మారినను ఇంజను వంశము మారదు. అయితే బంధుత్వము వెదకుటకు దారి చూపునదే గాని, సరిపోవునన్న హామీ కాదు. కొలతలు కలసిన తరువాతనే కొనవలెను.

మన ప్రాంతములో విజయవాడ ఆటోనగరు, సికిందరాబాదు రాణీగంజ్ ఇట్టి విచారణకు అనువైన చోట్లు. పాత ఫిల్టరును అన్ని వైపుల నుండి, నెంబరు కనబడునట్లు, ప్రక్కన కొలబద్ద నుంచి ఫోనులో ఫొటో తీసి ముందుగా పంపినచో వృథా ప్రయాణము తప్పును. సరుకును బస్సు పార్సిలులో తెప్పించుకొనవచ్చును.

సరిచూడవలసిన కొలతలు

ఫిల్టర్లు రెండు విధములు. మొదటిది మొత్తము డబ్బాయే మర వలె తిరిగి బిగియునది. రెండవది ఇనుప గిన్నెలో నిలువున నుంచు కాగితపు ఎలిమెంటు.

డబ్బా ఫిల్టరులో మొదట చూడవలసినది మర చుట్లు. ఎక్కువగా కనబడు రెండు మరలు ఒకదానిని పోలి మరొకటి ఉండి మోసగించును. ఒకటి అంగుళపు కొలతలో ముప్పాతిక అంగుళము, అనగా సుమారు 19 మి.మీ. వ్యాసము గలది. దానిపై అంగుళమునకు 16 చుట్లు ఉండును. రెండవది 20 మి.మీ. వ్యాసము గలది. దానిలో చుట్టునకు చుట్టునకు నడుమ ఒకటిన్నర మి.మీ. ఎడము, అనగా అంగుళమునకు దాదాపు 17 చుట్లు ఉండును. 19 మి.మీ. ఫిల్టరు 20 మి.మీ. స్టడ్డు మీద ఎక్కదు. బలవంతము చేసినచో మర చెడును. కాని 20 మి.మీ. ఫిల్టరు 19 మి.మీ. స్టడ్డు మీద వదులుగా ఎక్కి, బిగిసినట్లే కనబడును. అపాయమంతయు ఇందులోనే యున్నది.

ఆ అపాయము ఎంతటిదో లెక్కించి చూతము. రబ్బరు వలయము వ్యాసము 7 సెంటీమీటర్లనుకొనినచో, దాని లోపలి వైశాల్యము సుమారు 38 చదరపు సెంటీమీటర్లు. చదరపు సెంటీమీటరునకు 4 కిలోల నూనె ఒత్తిడి యున్నప్పుడు, డబ్బాను క్రిందికి నెట్టు బలము 150 కిలోలకు పైన ఉండును. రెండు వడ్ల బస్తాలను మించిన ఆ బరువును వదులైన మర ఎంతసేపు ఓర్చగలదు? దమ్ములో నుండగా డబ్బా ఊడినచో, తొట్టిలోని నూనె కొద్ది సేపటిలోనే బురద పాలగును. డ్రైవరు గమనించి ఇంజనును ఆపు లోపలనే బేరింగులు కాలిపోవచ్చును. కావున మరలను కంటితో అంచనా వేయక, వర్నియరుతోను మర గేజితోను కొలిపింపవలెను. ఏ లేతు మేస్త్రీ వద్దనైనను ఈ పరికరములు ఉండును.

రెండవది రబ్బరు వలయము. ఇంజను తల మీద వలయము ఆనుటకు నున్నగా చేసిన చోటు ఉండును. వలయము ఆ చోటునకు లోపలను, బయటను తొలగక సరిగా కూర్చుండవలెను. ఆనెడు చోటును తుడిచి, వలయమునకు సుద్దపొడి అద్ది, డబ్బాను చేతితో ఒకసారి తాకించి తీసినచో గుర్తు పడును. గుర్తు చుట్టును తెగక యున్నచో వలయము సరియైనదే. పిమ్మట సుద్దను పూర్తిగా తుడిచివేయవలెను.

మూడవది బైపాస్ వాల్వు. ఇంజను తలలో వాల్వు లేనిచో, ఫిల్టరులో తప్పక ఉండవలెను. లేనియెడల కాగితము మూసుకొనిన నాడు బేరింగులకు నూనె అందదు. నాలుగవది లోపలి రబ్బరు మూత. డబ్బా అడ్డముగా గాని తలక్రిందులుగా గాని ఉండు ఇంజనులలో, ఇంజను ఆపిన పిమ్మట నూనె వెనుకకు జారిపోకుండ ఈ మూత ఆపును. ఇది లేనిచో ప్రతి ఉదయము ఇంజను కొన్ని క్షణములు నూనె లేకయే తిరుగును. అరుగుదల చాల వరకు అప్పుడే కలుగును.

ఐదవది డబ్బా పొడవు. కొంచెము పొడవైన డబ్బా వలన నష్టము లేదు గాని, అది స్టీరింగు కడ్డీకి గాని ఇరుసునకు గాని తగులరాదు.

గిన్నె రకములో ఎలిమెంటు ఎత్తు, బయటి వ్యాసము, నడిమి రంధ్రపు వ్యాసము కొలువవలెను. ఎలిమెంటు పొట్టిదైనచో అడుగున నున్న స్ప్రింగు దానిని పైకి అదిమి పట్టలేదు. నూనె కాగితము గుండ పోక, అంచుల సందున జారిపోవును. బయటికి ఏ లోపమును కనబడదు. ఇంజను మాత్రము లోలోపల అరుగుచుండును. పొడవైనచో గిన్నె రబ్బరు వలయము మీద కూర్చుండక నూనె కారును.

చేయరాని పనులు

ఫిల్టరు దొరకలేదని పాత కాగితమును డీజిలుతో కడిగి మరల పెట్టువారు కలరు. కాగితపు మడతలలో దిగబడిన రేణువులు కడిగిన పోవు. కడుగుటలో కాగితము చిరిగి, మురికి నేరుగా బేరింగులకు చేరును. గిన్నెలో దూది గాని గుడ్డ గాని కూరుట అంతకంటె హానికరము. దాని పోగులు నూనె రంధ్రములను మూసివేయును. ఎలిమెంటు లేకయే గిన్నె బిగించి నడుపుటయు అట్టిదే.

డీజిలు ఫిల్టరునకును ఆయిల్ ఫిల్టరునకును ఆకారములో పోలిక ఉండవచ్చును. డీజిలు ఫిల్టరు కాగితము మిక్కిలి సన్ననిది. చిక్కని నూనె దాని గుండ తగినంత పోజాలదు. హైడ్రాలిక్ ఫిల్టరు విషయమును ఇట్లే. మర సరిపడినది గదా యని వీనిని ఇంజను నూనెకు వాడరాదు.

ఎంత వెదకినను ఎలిమెంటు దొరకనిచో, అదే వంశపు ఇంజనుకు వచ్చు డబ్బా ఫిల్టరు తలను తెచ్చి మార్చుట ఒక మార్గము. అయితే నూనె వచ్చు రంధ్రము, పోవు రంధ్రము తారుమారు కాకుండ, వాల్వు ఎక్కడ నున్నదో తెలిసికొని, అనుభవము గల మేస్త్రీచేత మాత్రమే ఈ పని చేయింపవలెను.

బిగించు పద్ధతి

ఇంజనును కొద్దిసేపు నడిపి, నూనె వేడెక్కిన తరువాత ఆపి, పాత నూనెను దింపవలెను. పాత ఫిల్టరును విప్పినప్పుడు దాని రబ్బరు వలయము ఇంజను తలకే అంటుకొని మిగులుట కలదు. దానిని చూడక క్రొత్తది బిగించినచో రెండు వలయములు ఒకదానిపై నొకటి పడి, ఒత్తిడికి జారి, నూనె చిమ్మును. వ్రేలితో తడిమి సరిచూడవలెను.

క్రొత్త వలయమునకు శుభ్రమైన నూనె రాచి, డబ్బాను చేతితో తిప్పవలెను. వలయము ఆనిన పిమ్మట సాధారణముగా మరి ముప్పాతిక చుట్టు తిప్పిన చాలును. డబ్బా మీద వేరుగా అచ్చువేసియున్నచో దానినే పాటింపవలెను. నూనె పోసిన తరువాత, ఆపు మీటను లాగిపట్టి ఇంజనును కొన్ని క్షణములు త్రిప్పి, ఆ పిమ్మట స్టార్టు చేయవలెను. ఒత్తిడి ముల్లు లేచినదా లేదా చూడవలెను. ముల్లు లేవనిచో వెంటనే ఆపవలెను. రెండు మూడు నిమిషములు మెల్లగా నడిపి, వలయము చుట్టును తడి యున్నదేమో పరిశీలించి, ఆపి, ఐదు నిమిషముల పిమ్మట కొలబద్దతో నూనె మట్టము చూచి, తక్కువైనంత పోయవలెను. అరుదైన ఫిల్టరు పెట్టిన మొదటి దినమున, ఒక గంట పని కాగానే మరల ఒకసారి చూచుట మంచిది.

పాత ఫిల్టరును కోసి కాగితమును పరచి చూచినచో ఇంజను ఆరోగ్యము తెలియును. మసి సహజమే. మెరయు రజను గాని రాగి వన్నె పొరలు గాని కనబడినచో బేరింగులు అరుగుచున్నవని గ్రహించి మేస్త్రీకి చూపవలెను.

ముందుచూపు

ట్రాక్టరు పుస్తకములో చెప్పిన గంటల గడువున నూనెను, ఫిల్టరును కలిపి మార్చవలెను. సరియైన ఫిల్టరు ఒకసారి దొరకినప్పుడు రెండు మూడు కొని ఉంచుకొనుట అరుదైన ట్రాక్టరు గలవారికి మేలు. ఎండ, తేమ, ఎలుకలు సోకని చోట పెట్టెతో సహా భద్రపరుపవలెను. రబ్బరు కాలక్రమమున గట్టిపడును గనుక ఎక్కువ సంవత్సరములకు సరిపడునంత కొనరాదు. చుట్టుప్రక్కల గ్రామములలో అదే రకపు ట్రాక్టరు గల రైతులు నలుగురు కలసి తెప్పించుకొనినచో అంగడివాడును శ్రద్ధ చూపును, ఖర్చును తగ్గును. కొనినప్పుడు ఫిల్టరు నెంబరుతో సహా బిల్లు తీసికొనవలెను. నకిలీ సరుకు అని తేలిన నాడు ఫిర్యాదునకు ఆధారము ఆ కాగితమే.

ట్రాక్టరు పోషణను క్రమముగా నేర్వగోరు యువకులకు అనంతపురము జిల్లా గార్లదిన్నెలోని దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్ర శిక్షణ, పరీక్షా సంస్థ శిక్షణ నిచ్చుచున్నది. ఊరికి ఒక్కడైనను ఇట్టి పని నేర్చినవాడుండుట అందరికిని మేలు.

ఈ పాఠము చదివినవారు నేడే ఒక నోటు పుస్తకము తీసికొని మొదటి పుటలో ఈ వివరములు వ్రాసికొందురు గాక: ట్రాక్టరు పేరు, మోడలు, ఇంజను తయారుచేసినవారు, ఇంజను నెంబరు, ఫిల్టరు రకము, నెంబరు, దానికి సరిపోవు ఇతర కంపెనీల నెంబర్లు, మర వ్యాసము, అంగుళమునకు చుట్లు, రబ్బరు వలయపు వ్యాసము, డబ్బా పొడవు, బైపాస్ వాల్వు ఎక్కడ నున్నది, దొరకిన అంగడి పేరు, మార్చిన తేది, అప్పటి గంటల లెక్క. ఆ పుస్తకమును ట్రాక్టరు కాగితములతో పాటు పెట్టెలో భద్రపరుపవలెను. ట్రాక్టరును వేరొకరికి అమ్మినచో దానితో పాటు ఆ పుస్తకమును కూడ అందజేయవలెను. కొన్నవాడు మరల మొదటి నుండి వెదకులాడు శ్రమ అతనికి తప్పును.